సాలమన్ వయసు అరవై నాలుగు

మా సాలమన్ చనిపోయాక ఆరేళ్ళపాటు నిక్షేపంగా బతికాడు. ఆ ఆరేళ్ళలో ఆయనకు ఒక్క జ్వరం రాలేదు, ఒక్క పన్ను కదల్లేదు. ప్రతి అక్టోబరుకూ ఒక ఏడు చొప్పున పెరుగుతూ యాభై ఎనిమిది నుంచి అరవై నాలుగుకు వచ్చాడు. పంజగుట్టలో ఒక ఆఫీసు ఏటా ఆయన క్షేమం విచారించేది. క్షేమమనే జవాబు వచ్చేది.

మా మనవలు నేను చెప్పేదాన్ని సగానికి కోసి వింటారు కాబట్టి వాళ్ళకంటే ముందు నేనే కొంత కోసేస్తాను. సాలమన్ పోయిన మాట నిజం. 2019 సెప్టెంబరులో నారాయణగూడ సమాధుల తోటలో ఆయన పెట్టె మీద మట్టి వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆయన బతికింది కాగితం మీద. అయితే ఆ కాగితం దొంగది కాదు. ఆఫీసు ఉత్తుత్తిది కాదు. వయసు ఎవరూ దిద్దింది కాదు. అందుకని నా మాట సగమే వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం ఆయన భార్య జీవమణిది. దాన్ని వెనక్కి తీసుకునే హక్కు నాకు లేదు.

జీవమణి అమీర్‌పేటలో చీరలకు ఫాల్, పీకో కుడుతుంది. మక్సూద్ భాయ్ మ్యాచింగ్ సెంటర్‌లో మెట్ల కింద ఒక మనిషీ ఒక మిషనూ పట్టేంత చోటు ఉంది. ఇరవై ఆరేళ్ళుగా ఆమె అక్కడే కూర్చుంటోంది. చుట్టూ హాస్టళ్ళు, కోచింగ్ సెంటర్లు. ఆడపిల్లలు కొత్త కుర్తా పట్టుకొచ్చి నడుం దగ్గర పట్టించమంటే ఆమె టేపు తీయకముందే అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇంటర్వ్యూ ఎన్నింటికి బిడ్డా?" పదింటికి అంటే తొమ్మిదికల్లా బట్ట తయారుగా ఉండేది. ఉద్యోగం వచ్చిన పిల్ల స్వీటు పెట్టడానికి వస్తే, "నీ తెలివికి కాదు, నా కుట్టుకు ఇచ్చిండ్రు" అనేది.

ఆమెది తొక్కుడు మిషను. మోటారు పెట్టించుకొమ్మని మక్సూద్ ఎన్నోసార్లు చెప్పాడు. "మోటారు నాకంటే ముందు ఉరుకుతది, నేను దాని ఎనక ఉరకాలె" అని పెట్టించుకోలేదు. ఇరవై ఆరేళ్ళ తొక్కుడుకు కుడి మోకాలు అరిగిపోయింది. ఆపరేషన్ చేసి మార్చాలని పోయిన ఏడాదే డాక్టరు చెప్పాడు.

సాలమన్ సోమాజిగూడలో ఒక పెద్ద ఆస్పత్రిలో లిఫ్టు ఆపరేటరు. పందొమ్మిదేళ్ళు ఒక స్టూలు మీద కూర్చుని నగరంలో సగం మందిని పైకీ కిందికీ తిప్పాడు. ఆయన మాట ఒకటి నాకు బాగా గుర్తు. "పైకి పోయేటప్పుడు జనం రోగం గురించి మాట్లాడుకుంటరన్నా. కిందికొచ్చేటప్పుడు బిల్లు గురించి మాట్లాడుకుంటరు. రెండోదే ఎక్కువ ఏడిపిస్తది." అది వినీ వినీ 2013లో, ఇంట్లో ఫ్రిజ్ కూడా లేని రోజుల్లో, భార్యాభర్తలిద్దరికీ కలిపి ఒక హెల్త్ పాలసీ తీసుకున్నాడు. పాలసీ ఆమె పేరు మీద రాయించి, తన పేరు కింద పెట్టించుకున్నాడు. "కంపెనీ దృష్టిల నేను నీ మనిషిని. నువ్వు ఊ అంటేనే నేను ఉన్నట్టు" అని నవ్వేవాడట.

రెన్యువల్ అక్టోబరు ఆఖరున. ఏటా ఆ రోజు ఇద్దరూ సెలవు పెట్టుకుని అమీర్‌పేట నుంచి పంజగుట్ట దాకా నడిచిపోయేవాళ్ళు. ఫోన్లో కట్టొచ్చని ఎవరు చెప్పినా వినలేదు. వాళ్ళకు ఇద్దరూ కలిసి బయటికి పోయే పండగ అదొక్కటే. కంపెనీ ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. బిల్డింగులో లిఫ్టుంది. సాలమన్ మాత్రం ఎక్కేవాడు కాదు. "డ్యూటీ లేని రోజు లిఫ్టు మొఖం చూడ" అని మెట్లెక్కేవాడు. ఆమె కొంగు నడుముకు దోపుకుని వెనకే ఎక్కేది. దిగాక ఇరానీ హోటల్లో చాయ్ తాగి, ఆమె కొత్త దారపు రీళ్ళు కొనుక్కుని వెనక్కి వచ్చేవాళ్ళు.

సాలమన్ డ్యూటీలోనే పోయాడు. మధ్యాహ్నం రెండు గంటలకు లిఫ్టు కింద ఆగి ఉంది, తలుపు తెరిచి ఉంది, ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. జనం ఎక్కి నాలుగు అన్నారు, ఐదు అన్నారు. ఆయన బటన్ నొక్కలేదు. ఆస్పత్రిలోనే పోయాడు గానీ ఆస్పత్రిలో చేరింది లేదు, బెడ్డు లేదు, బిల్లు లేదు. కాబట్టి బీమా కంపెనీకి ఎవరూ ఏ కాగితమూ పంపలేదు.

నెల తిరక్కుండా రెన్యువల్ వచ్చింది. ఆయన చనిపోయినట్టు ఇచ్చిన సర్టిఫికెట్ సంచిలో పెట్టుకుని జీవమణి ఒక్కతే పంజగుట్ట నడిచింది. ఒక్కతే మెట్లెక్కింది. కౌంటర్లో శ్రీలేఖ అని ఒక అమ్మాయి, అప్పుడే కొత్తగా చేరింది. ముందు సంవత్సరం ట్రైనింగులో ఉన్నప్పుడు వీళ్ళిద్దర్నీ చూసింది కాబోలు, తల ఎత్తి, "సార్ రాలేదా మేడం? బాగున్నారా?" అని అడిగింది.

జీవమణి సంచిలో చెయ్యి పెట్టింది. సర్టిఫికెట్ వేళ్ళకు తగిలింది.

"బాగున్నడు. డ్యూటీల ఉన్నడు" అంది.

నెల రోజులుగా కలిసిన ప్రతి ఒక్కరూ ఆయన్ని "ఉండేవాడు, చేసేవాడు, అనేవాడు" అంటున్నారు. ఆ ఒక్క కౌంటరు దగ్గరే ఆయన ఉన్నాడు. చెయ్యి ఖాళీగా బయటికి తీసి డబ్బు కట్టి వచ్చేసింది. మరుసటేడు కాగితంలో ఆయనకు యాభై తొమ్మిది. ఆ తర్వాత అరవై. నోటీసు రాగానే ఆమె ముందు చూసుకునేది ఆ అంకె. కట్టాల్సిన సొమ్ము తర్వాత.

ఇదంతా నాకు తెలిసింది 2025 అక్టోబరు మధ్యలో. ప్యాంటు అంచు మడిపించుకుందామని దుకాణానికి పోయాను. మిషను ఆగి ఉంది. సూది కింద ఎవరిదో గులాబీ చీర సగం ఫాలుతో ఉంది.

"ప్రేమన్నా" అంది. నా పేరు ప్రేమ్ సాగర్, పూర్తిగా పిలిచే ఓపిక ఆమెకు ఎప్పుడూ లేదు. "పోలీసోళ్ళు ఆడోళ్ళను సుత పట్టుకపోతరా?"

"ఎవర్ని చంపావు?"

"చంపలే. బతికించిన."

అక్కడే, గులాబీ చీర ఒళ్ళో పెట్టుకుని, పైన నేను రాసిందంతా చెప్పింది. చెప్పి, "తెలిసిపోయిందన్నా వాళ్ళకు" అంది.

ముందు రోజు ఫోన్ వచ్చిందట. మర్యాదస్తుడి గొంతు. బీమా ఆఫీసు నుంచి అన్నాడు. "అమ్మా, కొత్త చట్టం వచ్చింది, సెప్టెంబరు ఇరవై రెండు నుంచి హెల్త్ పాలసీల మీద పన్ను తీసేశారు. ఇన్నేళ్ళూ మీరు కట్టిన పన్ను వెనక్కి ఇస్తున్నాం. మీ పాత పాలసీ పన్ను ఉన్న కాలం నాటిది కాబట్టి అది ఈ నెలాఖరుకు రద్దవుతుంది. పన్ను లేని కొత్త పాలసీకి మారాలి. మీ మోకాలి ఆపరేషన్‌కు మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. లింకు పంపుతాను, ఒక నంబరు వస్తుంది, అది నాకు చదివి చెప్పండి" అన్నాడట.

పన్ను తీసేసిన మాట నిజమే. సొంతంగా తీసుకున్న పాలసీలకు ఆ తేదీ నుంచి జీఎస్టీ లేదని పేపర్లన్నీ రాశాయి. ముందు ఒక నిజం పెట్టి దాని వెనక బండెడు అబద్ధం తోలడం ఎలాగో నాకు తెలిసినంతగా అమీర్‌పేటలో ఎవరికీ తెలియదు. కాబట్టి వాడి పద్ధతి నాకు వెంటనే అర్థమైంది.

"వాడు దొంగ, జీవమణీ."

"ఎట్ల దొంగ? నా మోకాలు తెలుసు. రెన్యువల్ తారీఖు తెలుసు. సాలమన్ సంగతి సుత తెలుసు. ఆయన భాగం పన్ను సుత నాకే ఇస్తరంట. 'మూడో అంతస్తు దాటుతుంటే పోయిండంట గదమ్మా, మంచి మనిషి' అన్నడు. ఆరేండ్ల సంది అబద్ధం చెప్తున్ననని వాళ్ళకు తెలిసిపోయింది. గాడు అడిగిన నంబరు చెప్పేస్తే కేసు లేకుండ పోతదేమో అని సూస్తున్న."

మూడో అంతస్తు అన్న మాట దగ్గర నేను ప్యాంటు పక్కన పెట్టేశాను.

కాన్వెంటులో చదివిన పాపానికి మా చర్చి సంఘంలో రాతపనులన్నీ నా నెత్తిన పడ్డాయి. ప్రతి శనివారం ప్రార్థన అంశాల జాబితా రాసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టేది నేనే. ఎవరికి ఏ జబ్బు, ఏ ఆస్పత్రి, ఎప్పుడు ఆపరేషన్, అన్నీ రాస్తాను. ఫోన్లో ప్రార్థన చేసేవాళ్ళ కోసం పక్కనే ఫోన్ నంబరు. దేవుడికి అన్నీ తెలుసు గానీ సంఘానికి తెలియాలి కదా అనుకునేవాళ్ళం. ఆ జాబితా మా గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకూ, అక్కడి నుంచి దుబాయికీ పోయేదని గర్వపడేవాణ్ణి కూడా. పైగా ఉత్త జబ్బు రాస్తే ఎవరు చదువుతారని, అక్కడక్కడా కొంత ఉప్పూ కారమూ వేసేవాణ్ణి. సెప్టెంబరులో సాలమన్ ఆరో జ్ఞాపకార్థ కూడిక వచ్చినప్పుడు, "లిఫ్టు మూడో అంతస్తు దాటుతుండగా ప్రభువు ఆయన్ని ఇంకా పైకి పిలిచాడు" అని రాశాను. బాగుందని నలుగురు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. కిందనే జీవమణి మోకాలు, రెన్యువల్ సవ్యంగా జరగాలన్న విన్నపం, ఫోన్ నంబరు.

లిఫ్టు అసలు కదల్లేదు. మూడో అంతస్తు నేను కట్టింది.

ఆమెకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె చీర అంచు వేళ్ళతో సరిచేసింది.

"అయితే గాడు నీ కాయితం సూసి ఫోన్ చేసిండు."

"అవును."

"అయితే కంపెనీకి ఇంకా తెల్వదు."

"తెలియదు."

ఆమె ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది. మోసం తప్పినందుకు కాదని నాకు తెలుస్తూనే ఉంది. మిషను సొరుగులో బాబిన్ల కింద నుంచి ప్లాస్టిక్ కవరు తీసి, దానిలోంచి కొత్త నోటీసు తీసి, ఒక వరుస మీద వేలు పెట్టి నాకు చూపించింది. సాలమన్, భర్త, 64.

"అరవై నాలుగు నిండినయి" అంది.

నేను ఇంటికి రాగానే జాబితా తీసేశాను. దానిలో ఉన్న మిగతా పదకొండు మందికీ ఫోన్లు చేశాను. అయిదుగురికి ఆ గొంతు అప్పటికే ఫోన్ చేసింది. నలుగురు ఏ పనిలోనో ఉండి పెట్టేశారు. అయిదోది లోయిస్.

లోయిస్ టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. బాపట్ల నుంచి వచ్చి ముప్పై ఏళ్ళయినా ఆ యాస వదల్లేదు. జీవమణి పక్కనే కూర్చుని కోయిర్‌లో పాడుతుంది. పోయినేడు ఎడమ రొమ్ముకు ఆపరేషన్ అయింది. మందులు ఇంకా నడుస్తున్నాయి, మూడు నెలలకోసారి పరీక్షలు. తొమ్మిదేళ్ళుగా కడుతున్న పాలసీ లేకపోతే ఆ వైద్యం ఆమె వల్ల కాదు. శుక్రవారం నాలుగింటికి అతను మళ్ళీ ఫోన్ చేస్తాడని, పాత పాలసీ మూసేయడానికి ఉత్తరం కూడా రాసి పెట్టానని చెప్పింది.

"అమ్మా, వాడు మోసగాడు" అన్నాను.

"మీరు చెప్పింది ఎప్పుడు నమ్మానని ఇప్పుడు నమ్మమంటారు, ప్రేమ్ సాగర్ గారు? మీ మేనమామ చార్మినార్ ఎక్కి పతంగితో విమానాన్ని ఆపాడని చెప్పింది మీరే కదా?"

"అది వేరు."

"ఏంటి వేరు? ఆయనకి నా ఆపరేషన్ సంగతి తెలుసు, డాక్టరు పేరు తెలుసు. కంపెనీ కాకపోతే ఎలా తెలుస్తుందండీ?"

జాబితా సంగతి చెప్పాను. కంపెనీవాళ్ళకు తన జబ్బు తెలిసి ఉండటంలో వింతేముందంది. ఆమె మాటలో తప్పు లేదు. ఆ జాబితాలో ఎవరి సంగతి తీసుకున్నా కంపెనీకీ తెలుసు, సంఘానికీ తెలుసు. సంఘానికి తెలిసి కంపెనీకి తెలియనిది ఒక్కటే ఒక్కటి. సాలమన్ పోయాడన్నది.

అది చెప్పడానికి నేను మళ్ళీ మెట్ల కిందికి పోయాను. జీవమణి విని, మిషను చక్రం మీద చెయ్యి పెట్టింది.

"నోటీసు సూపిస్తే లోయిస్‌కు తెలుస్తది. లోయిస్‌కు తెలిస్తే ఆదివారానికి సంఘానికి తెలుస్తది. ఇంక నేను పంజగుట్ట పోయి బాగున్నడని ఏ మొఖం పెట్టుకుని చెప్పాలె? తీసెయ్యాలె ఆయన పేరు."

"అవును."

"ఇంకో ఉపాయం చెప్పరాదన్నా. ఊకె అన్ని కతలు చెప్తవు గద."

ఎంత వెతికినా నా దగ్గర ఒక్కటీ లేదు.

శుక్రవారం మూడున్నరకు, జాకెట్టు కొలత సరిచూడాలని లోయిస్‌ను దుకాణానికి పిలిపించింది. నేను మక్సూద్ పక్కన స్టూలు మీద లైనింగు గుడ్డలు ఎంచుతున్నట్టు కూర్చున్నాను. మక్సూద్‌కు సంగతి తెలుసు. కొనడానికి వచ్చిన ఇద్దరు పిల్లల్ని, "పిస్తా రంగు అయిపోయింది బేటా, రేపు రాండ్రి" అని పంపేశాడు. పిస్తా రంగు బట్ట తాను అతని వెనకే ఉంది.

నాలుగింటికి ఫోన్ మోగింది. లోయిస్‌కు కుడి చెవి కొంచెం తక్కువ, అందుకని స్పీకర్ పెట్టింది.

"నమస్తే లోయిస్ మేడం. ఎలా ఉన్నారు? ఎడమ వైపు నొప్పి తగ్గిందా?"

లోయిస్ మా వైపు చూసింది. చూశారా అన్నట్టు. "తగ్గిందండీ. నంబరు ఇప్పుడే వచ్చింది, చెప్పమంటారా?"

జీవమణి లేచి, ఒక చేత్తో మోకాలు పట్టుకుని, రెండో చెయ్యి ఫోన్ మీద పెట్టింది.

"సారూ, నేను జీవమణిని. మొన్న మాట్లాడితిరి. మా ఆయన మీతోటి మాట్లాడుతడంట, జర ఆగుండ్రి, చాయ్ తాగుతుండు."

"మీవారు పోయారు కదమ్మా. రెండు వేల పందొమ్మిదిలో."

"గట్లని ఎవరు చెప్పిండ్రు?"

"మా కంప్యూటర్లో ఉందమ్మా. లిఫ్టులో, మూడో అంతస్తు దగ్గర..."

జీవమణి సొరుగు లాగి కవరు తీసి, నోటీసు లోయిస్ ఒళ్ళో పరిచింది. "సదువు" అంది.

లోయిస్ కళ్ళద్దాలు సర్దుకుని, క్లాసులో డిక్టేషన్ చెప్పినట్టు ఒక్కొక్క మాటా చదివింది. "సాలమన్. భర్త. వయసు అరవై నాలుగు." ఆగింది. "ఇది ఎప్పటిదే?"

"పోయిన వారం వచ్చింది. కంపెనీ పంపింది. వాళ్ళ కంప్యూటర్ల ఆయన బతికే ఉన్నడు. సచ్చిపోయిండని నేను చెప్పలే. మరి వీని కంప్యూటర్ల ఎట్ల సచ్చిండు?"

ఫోన్లో గొంతు "హలో, మేడం, నంబరు" అంటూనే ఉంది. లోయిస్ దాన్ని ఆపేసింది. మక్సూద్ లేచి ఫ్యాను కట్టేశాడు. ఎందుకో అతనికీ తెలియదు.

"ఆరేళ్ళా, జీవా?" అంది లోయిస్.

"ఆరేండ్లు."

లోయిస్ కాగితం పాత మడతల్లోనే మడిచింది. మళ్ళీ విప్పి ఆ వరుస చూసింది.

"అరవై నాలుగంటే ఈపాటికి జుట్టంతా తెల్లబడేది."

"ముందు మీసం. యాభై ఆరుకే మీసం నెరిసింది. రంగు వేసుకొమ్మంటే, లిఫ్టుల నన్నెవరు సూస్తరే, అందరు పైన అంకెలే సూస్తరు అనేటోడు."

"పొట్ట వచ్చేదా?"

"రాకపోతుండె. కూసునే పని అయినా మెట్లెక్కే మనిషి గద."

ఇద్దరూ అట్లా ఆయనకు అరవై నాలుగేళ్ళు నింపుతూ కూర్చున్నారు. కళ్ళద్దాలు మారేవి. మోచేతి దగ్గర వాతం ఉండేదేమో. ఆస్పత్రివాళ్ళు అరవైకే రిటైర్ చేసి ఉంటే ఇంట్లో ఊరుకునేవాడా? ఊరుకోడు, నీ మెట్ల కింద వచ్చి దారం ఎక్కించేవాడు. మక్సూద్ చాయ్ తెప్పించాడు. "నీ గ్లాస్ సల్లారుతుంది ఆపా" అని అక్కలాంటి జీవమణితో రెండుసార్లు అన్నాడు. వాళ్ళు వినలేదు.

ఆ సాయంత్రమే లోయిస్ ఫోన్ నుంచి సైబర్ మోసాల నంబరు 1930కి చేసి ఆ నంబరు మీద ఫిర్యాదు ఇచ్చాం. జరిగింది ఆఫీసుకు కూడా చెప్పాలని సోమవారం ముగ్గురం పంజగుట్ట పోయాం. వాడు పంపిన లింకులో ఉన్న చోటుకు కాదు. పాలసీ కాగితం మీద ఉన్న చిరునామాకు.

జీవమణి మెట్ల వైపు తిరిగింది. లోయిస్ లిఫ్టు చూపించింది. "మీరు రాండ్రి, నేను ఇట్ల వస్త" అని రెయిలింగ్ పట్టుకుని ఎక్కింది. రెండు అంతస్తులకు పది నిమిషాలు పట్టింది. ప్రతి మలుపులో ఆగి పైకి చూసింది, ముందు ఎవరో ఎక్కుతున్నట్టు. నేను ఒక మెట్టు వెనకే ఉన్నాను కాబట్టి చూశాను. ఇది కల్పించింది కాదు.

శ్రీలేఖకు ఇప్పుడు పెళ్ళయింది, కళ్ళద్దాలు వచ్చాయి. మమ్మల్ని చూసి నవ్వింది. "ఈసారి పన్ను లేదు మేడం, మీకు తగ్గుతుంది" అంది. మేం అడిగినదానికి ఒక్కొక్కటే చెప్పింది. సెప్టెంబరు ఇరవై రెండో తేదీ తర్వాత రావాల్సిన రెన్యువల్‌కు పన్ను లేదు. వెనకటి ఏళ్ళలో కట్టింది తిరిగి రాదు, ఇస్తామన్నవాళ్ళు అబద్ధం చెబుతున్నట్టే. చట్టం మారినందుకు పాత పాలసీ ఏదీ రద్దు కాదు. దాన్ని మూసేసి కొత్తది తీసుకుంటే ఉన్న జబ్బులకు మళ్ళీ మూడేళ్ళ దాకా ఆగాల్సి రావచ్చు. ఫోన్‌కు వచ్చిన నంబరు కంపెనీవాళ్ళు ఎవరూ అడగరు. లోయిస్ ఇదంతా షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంది.

తర్వాత శ్రీలేఖ కంప్యూటర్ తన వైపు తిప్పుకుని, ఏటా అడిగినట్టే అడిగింది.

"సార్ బాగున్నారా మేడం?"

జీవమణి సంచిలో చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి అక్కడ ఎంతసేపు ఉందో నేను చెబితే మీరు నమ్మరు. వెనక లైన్లో ఉన్నాయన దగ్గాడు.

"లేడమ్మా" అంది. "ఆరేండ్లాయె."

సర్టిఫికెట్ బల్ల మీద పెట్టింది. ఆరేళ్ళు సంచిలో ఉండి మడతల దగ్గర చిరుగు పట్టింది. శ్రీలేఖ దాన్ని చూసింది, తేదీ చూసింది, జీవమణిని చూసింది. కేసవుతుందా అని లోయిస్ అడిగింది. "కేసేం లేదండీ. సార్ వయసును బట్టి ఎక్కువ కట్టి నష్టపోయింది మేడమే" అని మెల్లగా చెప్పి, ఒక ఫారం ఇచ్చింది. పేరు తీసేయడానికి సంతకం రెండు చోట్ల పెట్టాలి. కారణం అన్న గడిలో ఏం రాయాలని జీవమణి నన్ను అడిగింది. కాన్వెంటు చదువంతా పెట్టినా నాకు ఒక్క మాటే తోచింది. దాన్ని ఆమే రాసింది.

"గీ పాత నోటీసు నేను ఉంచుకోవచ్చా?"

"అది ఇప్పుడు చెల్లదు మేడం."

"చెల్లేటందుకు కాదు."

"ఉంచుకోండి."

తిరిగి వచ్చేటప్పుడు మెట్ల దగ్గర ఆగింది. ఒక మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తీసుకుంది. ఏమీ అనకుండా లిఫ్టు దగ్గరికి నడిచింది. లోపల స్టూలు లేదు, మనిషి లేడు. బటన్ ఆమే నొక్కింది. దిగుతున్నంతసేపూ గోడకు అరచెయ్యి ఆనించి, పైన మారే అంకెలు చూస్తూ నిలబడింది. కింద ఆగినప్పుడు లిఫ్టు కొంచెం కుదిపింది.

"ఆయన మెల్లగ ఆపేటోడు" అంది. "ఆగినట్టే తెల్వకపోయేది."

నవంబరులో మోకాలి ఆపరేషన్ అయింది. బిల్లు పాలసీలో పోయింది. కొత్త కాగితంలో ఒక్కటే పేరు. నేను ఇప్పుడు ప్రార్థన జాబితాలో "ఒక సహోదరి, ఆరోగ్యం కోసం" అని మాత్రమే రాస్తున్నాను. చప్పగా ఉందని ఫిర్యాదులు వస్తున్నాయి. చిరునామా అక్కర్లేనివాడికే కదా పంపేది అని జవాబిస్తున్నాను.

ఇదంతా రాసి, ఎవరికైనా చూపించే ముందు ఆమెకు వినిపించడం ధర్మమని దుకాణానికి పోయాను. చేతికర్ర మిషనుకు ఆనించి ఉంది. మక్సూద్ చివరికి మోటారు పెట్టించాడు. ఆమె దాన్ని ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా విన్నది.

"గిది ఎవరి కత?"

"నీదే."

"నాది కాదు. నాకు గసువంటి ఫోనే రాలే. లోయిస్ జాకెట్టు నేను కుట్టనే లేదు. నేను లిఫ్టుల దిగలే, మెట్లే దిగిన. నువ్వు మేనమామతోటి విమానం ఆపిచ్చినోనివి, నీ మాట ఎవరు నమ్ముతరు?"

"మరి సాలమన్ సంగతి?"

ఆమె మోటారు బటన్ నొక్కింది. సూది కదిలింది.

"బాగున్నడు" అంది. "డ్యూటీల ఉన్నడు."